డంపర్ తోలే అన్నతోని రెండో ఆల్బం

మా రెండో ఆల్బం రికార్డింగు జనగామల, ఒక బట్టల దుకాణం మీది గదిల మొదలైంది. ఆ దుకాణమాయన బిడ్డే మా పాటలు బయటికి తెచ్చే లేబుల్ నడుపుతది. పెద్ద కంపెనీల ఊసు లేకుంట, ఒక్కతే. మొదటి ఆల్బం తెచ్చింది గూడ ఆ అక్కనే. మా బ్యాండంటే ఇద్దరమే. మహబూబాబాద్ నుంచి నేను, గిటారు, బేస్, పాట. భూపాలపల్లి నుంచి డ్రమ్స్ కొట్టే అన్న. మేం వాయించేది పోస్ట్-పంక్, ఒక తీరు రాక్ సంగీతం. అదంటే మాకు ఉరుకుడే. మొదటి ఆల్బంల ఒక్క పాట గూడ ఆగి ఊపిరి తీసుకోలే.

ఈసారి మూడో పాటకే అన్న తాళంల వెనుకబడ్డడు. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిల ఏండ్ల సంది డంపర్ లారీ తోలి తోలి నడుము పోయింది. నేను మూడుసార్లు పాట ఆపిన.

"అన్నా, మళ్ల జారుతున్నవ్."

"ఇంకోసారి కొడదాం" అన్నడు, చెమట తుడుసుకుంట.

నాకు ఓపిక లేదు. ఇంటికొచ్చి లాప్‌టాప్‌ల మిషన్ డ్రమ్స్ పెట్టి పాటలన్నీ మళ్ల కట్టిన. ఆయనకు చెప్పలే. తర్వాతి ఆదివారం అవి అక్కకు వినిపిస్తుంటే, తలుపు కాడ అన్న నిలబడి ఉన్నడు. ఎప్పుడొచ్చేదానికంటె ముందు బస్సుకే వచ్చిండట.

"ఎవలు కొట్టిన్రు?"

"మిషన్ అన్నా."

పాట అయిపోయేదాక ఇన్నడు. "మంచిగనే కొడ్తుంది. దానికి నడుము లేదు గదా" అని మెట్లు దిగి పోయిండు.

అక్క నన్ను తిట్టలే. "గివి నేను బయటికి తీసుకరాను" అన్నది, అంతే.

ఆ వారం ఏడ కూసున్నా నాకు కాలు నిలువలే. ఆఫీసుల ఫైలు తెరుసుడు, మూసుడు. మా ఊరి స్టేషన్ ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుడు. ఫోన్ చేస్తే అన్న ఎత్తలే. బుధవారం సెలవు పెట్టి, ములుగుల బస్సు మారి, భూపాలపల్లి పోయిన. నడుమ ఘనపూర్ల బస్సు ఆగిన కొంచెంసేపట్లనే రెండుసార్లు దిగి ఎక్కిన.

అన్న చాప మీద పండుకోని ఉన్నడు. వదిన చాయ్ ఇచ్చి లోపలికి పోయింది.

"తప్పయిందన్నా. నీ మొహం మీదనే చెప్పాల్సి ఉండె."

"చెప్తే ఒప్పుకుంటుంటి" అన్నడు, పైకప్పు చూసుకుంట. "అది కాదు గని, పాటలను ఎందుకట్ల తొందరపెడ్తవ్? ఎవలు తరుముతున్రు నిన్ను?"

మిషన్ డ్రమ్స్ తీసేస్తనని చెప్పిన.

ఆయనకు చేతనైన తీరునే కొట్టాలనుకున్నం. నాలుగు ఆదివారాలు పట్టింది. కష్టం నాకే అయింది. వేళ్లు ముందుకు ఉరుకుతయి. పాట నిదానమయ్యేసరికి, ఉరుకుట్ల దాగిన వట్టి మాటలన్నీ బయటపడ్డయి. సగం మాటలు కొట్టేసి మళ్ల రాసిన. అక్క నన్ను అన్నకు ఎదురుంగ కూసోబెట్టి, "డ్రమ్ము పెడల్ తొక్కే ఆయన కుడికాలు చూసుకుంట వాయించు" అన్నది. ఒక్క పాటకు మాత్రం "దీనికి మిషనే మంచిగుంటది" అని అన్ననే అన్నడు.

ఆల్బం వచ్చినంక, మొదటిది ఇష్టపడ్డోళ్లు కొందరు "ముసలోళ్లయిన్రు" అని కామెంట్లు పెట్టిన్రు. అక్క నవ్వి ఊకున్నది. నేను రెండు రోజులు అన్నం సరిగ తినలే. అన్న ఇప్పుడు డ్రమ్స్ కొడ్తలేడు. డాక్టర్ వద్దన్నడు.

మొన్న ఇద్దరం కలిసి మొదటిసారి మొత్తం విన్నం.

"నాలుగో పాటల ఒకకాడ తప్పు కొట్టిన. ఇన్నవా?"

"ఇన్న."

"మరి తీయలే?"

"తీయబుద్ధి కాలే."

అన్న ఆ పాటనే మళ్ల పెట్టమన్నడు.