బ్రేకు మీద మామ రెండు వేళ్లు

మా మేనమామ పోయాడు. కోదాడలో మా ఇంటి ముందు బస్సు ఆపి, కండక్టరు దిగకుండానే చెప్పాడు. "అమ్మా, మిర్యాలగూడ సావుకారు సూర్యాపేట దవాఖానల పొద్దున పోయిండు." నేను అప్పుడు బియ్యం కడుగుతున్నాను. కామెర్లని తెలుసు, ముదిరాయనీ తెలుసు. అయినా ఆయన పోతాడని మాత్రం నేను అనుకోలేదు. కడిగిన బియ్యం అట్లాగే వదిలేసి, పిల్లను చంకనేసుకొని, మా ఇంటాయన వెంట అదే బస్సు ఎక్కాను.

బియ్యం మిల్లు సావుకారుగా ఆయన్ని ఎరిగినవాళ్లు మీలో ఉండవచ్చు. నేను చెప్పబోయేది ఆయన కుడిచేతి గురించి.

యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన మోటారు సైకిలొకటి కొని తెచ్చాడు మామ. ఫట్‌ఫటి అనేవాళ్లం. కొన్న కొత్తలోనే, వడ్లు బేరం చేయడానికి నిడమనూరు పోతుంటే కుక్క అడ్డమొచ్చింది. కుడిచేతి నాలుగు వేళ్లతో ముందు చక్రం బ్రేకు గుంజాడు. కంకరలో ముందు చక్రం జారి బొక్కబోర్లా పడ్డాడు. మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి. ఇక మిల్లులో ప్రతివాడూ పెద్దమనిషే! "ముందు బ్రేకు ముట్టనే వద్దు సావుకారీ, ఆ తీగ తీసి పారెయ్యుండ్రి" అన్నారు. మామ మోచేతికి పసుపు పట్టించుకుంటూ, "తప్పు బ్రేకుది కాదుర, నా చెయ్యిది. బర్రెను ఎవలన్న గట్ల గుంజుతరా? గుంజితే తన్నదా?" అన్నాడు.

ఎంత సావుకారైనా ఇంట్లో బర్రెను తనే పితికేవాడు. ఆ పితికే తీరునే బ్రేకు దగ్గరికి తెచ్చుకున్నాడు. చూపుడువేలు, నడిమివేలు, ఈ రెంటి కొసలే బ్రేకు మీద ఉండాలి. బొటనవేలూ మిగిలిన రెండు వేళ్లూ పిడిని వదలకూడదు. ముందు మెల్లగా తాకాలి, బండి బరువు ముందు చక్రం మీదికి వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాతే పిండాలి. హ్యాండిలు వంకరగా ఉన్నప్పుడు, కంకర వదులుగా ఉన్నప్పుడు ముట్టకూడదు. బ్రేకు తీగకు వారం వారం ఆముదం పోసేవాడు. అన్నం తింటూ కూడా ఎడమచేతిలోని చెంబు అంచు మీద కుడిచేతి రెండు వేళ్లు ఆనించి వత్తుతుంటే, "బువ్వ తినుర, చెంబుకు బ్రేకేంది!" అని అమ్మమ్మ కసిరేది.

ఆ రోజుల్లోనే నాకు మూడోసారి నెల తప్పింది. మొదటి రెండూ నిలవలేదు. ఆ దుఃఖం ఎవరికి చెప్పుకోను? ఈసారైనా నిలవాలంటే నెలనెలా సూర్యాపేట వచ్చి చూపించుకోవాలనీ, ఒంటికి కుదుపు తగలకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. చెప్పడానికేం, గొడవల కాలం, బస్సులు ఆగిపోయాయి. ఎడ్లబండిలో పోతే దినమంతా కుదుపే. మామ మా ఇంటికి వచ్చి, "నేను తీస్కపోత" అన్నాడు. మా అత్తగారు మండిపడింది. "కడుపుతో ఉన్న పిల్లని ఆ ఫట్‌ఫటి మీదా? మతి ఉందా మీకు?"

మామ అప్పటికి వెళ్లిపోయాడు. ఏం చేశాడో తర్వాత అమ్మమ్మ చెప్పింది. వెనక సీటు మీద కుదురు కట్టి, దాంట్లో అంచుదాకా చల్ల పోసిన ముంత పెట్టి, మిల్లు ముందు తోవలో అటూ ఇటూ నడిపాడట. ఆపడం, దిగడం, "తొణికిందా అమ్మా?" అని అడగడం. "తొణికింది. ఇగ చాలు తియ్యిర. చల్లంత మన్నుల పోస్తున్నవ్" అని అమ్మమ్మ తిట్టడం. చూసేవాళ్లు నవ్వేవాళ్లట. ఆ నవ్వినవాళ్ల మీద నాకు ఈనాటికీ కోపమే. చుక్క తొణకని రోజు వచ్చాక, ఆ ముంతతోనే కోదాడ వచ్చి మా అత్తగారి ముందు దించాడు. ఆమె ముంతలోకి చూసింది, నా మొహం చూసింది, లోపలికి వెళ్లి సీటు మీదికి బొంత తెచ్చి ఇచ్చింది.

అట్లా నెలనెలా పోయాం. ఏడో నెలలో మునగాల దాటాక, పక్క చేలోంచి గొర్రెల మంద ఒక్కసారిగా తోవ మీదికి వచ్చింది. ఒక చేయి కడుపు మీద, ఒక చేయి మామ భుజం మీద. కళ్లు మూసుకుందామంటే మూతపడలేదు. ఆయన రెండు వేళ్లే కనిపిస్తున్నాయి. అవి గుంజలేదు. తాకాయి, ఆగాయి, పిండాయి. బండి ముందుకు కొంచెం వంగి, గొర్రెల పక్కన నిలిచిపోయింది. ఒక గొర్రెపిల్ల చక్రాన్ని మూతితో తాకి మరీ పోయింది.

మామ మెడ మీద చెమట కారుతోంది. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"తొణికిందా బిడ్డా?"

"తొణకలేదు మామా."

అప్పుడుగానీ ఆయన ఊపిరి వదలలేదు. ఫట్‌ఫటి మీద వస్తున్నామని తెలిసి ఆ రోజు డాక్టరమ్మ కూడా మమ్మల్ని ఇద్దరినీ చెడామడా తిట్టింది. తిట్టి, పరీక్ష చేసి, బిడ్డ బాగుందంది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల ఊపేటప్పుడు కూడా మామ ఆ రెండు వేళ్లతోనే ఆపేవాడు, పిల్ల ఉలికిపడకుండా.

మొన్న ఆయన్ని సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు లారీలో తీసుకుపోయాం. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నా పిల్ల నా వీపుకు ఆనుకొని నిద్రపోయింది. డ్రైవరు గుంత గుంతకూ బ్రేకు తొక్కుతున్నాడు, మామ తల అటూ ఇటూ పోతోంది. నేను ఓర్చుకోలేక క్యాబిను చెక్క మీద దబదబ కొట్టాను. "ఓ అన్నా! జర మెల్లగ ఆపు!"

పక్కనున్న చుట్టం ఒకాయన, "పోయినాయనకు కుదుపేందమ్మా" అన్నాడు.

"నీకేం ఎరుక? నువ్వు నోర్ముయ్యి" అన్నాను. పెద్దవాడే. అయినా అన్నాను, తిరిగి తీసుకోను.

డ్రైవరుకు ఏమనిపించిందో, ఆ తర్వాత చాలా మెల్లగా నడిపాడు. మిల్లు ముందు తోవ మలుపు తిరగగానే దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ వచ్చి, అరుగు పక్కన లారీని ఆపాడు. ఎప్పుడు ఆగిందో నాకు తెలియనే లేదు. చూరు కింద ఫట్‌ఫటి నిలబడి ఉంది, సీటు మీద మా అత్తగారిచ్చిన బొంత అట్లాగే ఉంది. అరుగు మీద అమ్మమ్మ లేచి నిలబడింది. మామ తల నా ఒళ్లో కదలకుండా ఉంది. నేను వంగి ఆయన చెవి దగ్గర చెప్పాను.

"తొణకలేదు మామా."