గేర్‌బాక్స్ పక్కన నలిగిన వైరు

మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఒక ఉదయం ఆ కారు నూజివీడులోని నా మెకానిక్ షెడ్డు ముందుకొచ్చింది. గేటు దగ్గర నెమ్మది చేయగానే ఇంజను దానంతటదే ఆగిపోయింది. కారు యజమాని రెడ్డిగూడెం వైపు తోటలు కౌలుకు తీసుకునే ఆవిడ. యాభై దాటినా డ్రైవరును పెట్టుకోరు. మట్టిదారుల్లో తోట నుంచి తోటకు తనే నడుపుకుంటూ తిరుగుతారు. అంతకు ముందు చలికాలంలో ఆ కారుకే నేను గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్లేట్లు మార్చాను.

“మీటరు ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడిపోతోంది బాబూ. అరవైలో పోతున్నా సున్నానే చూపిస్తోంది. కాసేపటికి మళ్ళీ అదే లేస్తుంది. బ్రేకు వేసి స్లో చేస్తే ఇంజను ఆగిపోతోంది,” అన్నారు.

స్కానర్ పెట్టి చూశాను. స్పీడు సెన్సర్ నుంచి సిగ్నల్ రావడం లేదంది. గేర్‌బాక్స్ మీద ఉండే ఆ చిన్న సెన్సరే బండి వేగం ఎంతో మీటరుకూ, ఇంజను కంప్యూటరుకూ చెబుతుంది. ఆ లెక్క అందకపోతే నెమ్మది చేసినప్పుడు ఇంజను ఆగిపోతుంది. స్కానర్ సెన్సర్ పేరు చెప్పినంత మాత్రాన సెన్సరే పోయిందని కాదు. వైరు తెగినా అది అదే మాట చెబుతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. కానీ బయట మూడు బళ్ళు నాకోసం ఎదురు చూస్తున్నాయి. వైర్ల జోలికి పోకుండా కొత్త సెన్సర్ బిగించి పంపేశాను.

వారం రోజులు బాగానే నడిచిందట. ఆ తర్వాత ఒకరోజు ఆవిడ ఆటోలో వచ్చారు. ఎడమ చేతికి మణికట్టు దగ్గర పిండికట్టు ఉంది. ఆగిరిపల్లి దాటాక మలుపులో నెమ్మది చేయగానే ఇంజను ఆగిపోయిందట. వెనకే కాయల లోడుతో వస్తున్న ట్రాలీ ఆటో ఆపుకోలేక గుద్దేసింది.

“కొత్తది వేశావు కదా, మళ్ళీ ఎందుకు పోయింది?” అని అడిగారు.

ఆ కట్టు చూసేసరికి వైర్లు చూడలేదని ఒప్పుకోవడానికి ధైర్యం చాల్లేదు.

“ఈ మధ్య ఇంకెవరైనా బండి మీద చెయ్యి వేశారా అండీ?” అన్నాను.

“రేడియేటర్ కారుతుంటే నెల కిందట మీ మేస్త్రి గారి దగ్గర చేయించాను.”

“అయితే అక్కడే వైరు లాగేసుంటారండీ. ఆయనకి ఈ సెన్సర్ల బళ్ళు అలవాటు లేదు. చూపు కూడా తగ్గింది.”

ఆ మేస్త్రి దగ్గరే నేను పదకొండేళ్ళు పని నేర్చుకున్నాను. బాబాయ్ అని పిలుస్తాను. నేను సొంత షెడ్డు పెట్టుకున్న రోజున ముందు వచ్చి తాళం తీసింది ఆయనే. అలాంటి మనిషి మీద ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ అటునుంచి అటే ఆయన షెడ్డుకు వెళ్ళారు. ఆ పక్కన టీకొట్టతను సాయంత్రం నాకు చెప్పాడు. చేతులు వణికేవాడివి జనం ప్రాణాలతో ఎందుకు ఆడుకుంటున్నావని నలుగురిలో కడిగేశారట. బాబాయ్ ఎదురు చెప్పలేదట. “నావల్లే అయ్యుంటుందమ్మా, క్షమించండి,” అన్నారట. మర్నాడు ఆయన షెడ్డు తెరవలేదు.

కారును లాక్కొచ్చి నా షెడ్డులో పెట్టారు. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున బాబాయ్ మోపెడ్ మీద వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది.

“నేనెక్కడ తప్పు చేశానో చూపించరా. నిద్ర పట్టట్లేదు,” అన్నారు.

చూపించడానికి నేను వెతికితే కదా!

“ఇంకా చూడలేదు బాబాయ్.”

ఆయన నా ముఖంలోకి చూశారు. “చూడకుండానే చెప్పావా?”

నేను తల దించుకుని జాకీ తెచ్చాను. ముందు చక్రాలు పైకి లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, స్టీరింగు ముందు కూర్చుని బండిని గేరులో వేశాను. చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. ముల్లు నలభై మీద నిలబడింది. బాబాయ్ బానెట్ పక్కన నిలబడి, పొడుగాటి చెక్కపుల్లతో వైర్లను ఒక్కొక్కటే కదిలిస్తున్నారు. చెయ్యి వణుకుతూనే ఉంది. రేడియేటర్ వైపు వైర్లన్నీ కదిలించారు. ముల్లు కదల్లేదు. పుల్ల గేర్‌బాక్స్ పక్కకు వచ్చింది.

ముల్లు టక్కున సున్నాకి పడిపోయింది.

“అక్కడే!” అని అరిచాను.

ఇంజను ఆపేసి దిగాను. గేర్‌బాక్స్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌కూ బాడీకీ మధ్య వైరు ఇరుక్కుపోయి ఉంది. బండి ఊగినప్పుడల్లా ఒరుసుకుని పైతొడుగు అరిగిపోయింది. లోపలి రాగి బయటపడి ఇనుముకు తగులుతోంది. సెన్సర్ మార్చినప్పుడు కాస్త పక్కకు జరిగినట్టుంది, అందుకే ఆ వారం బాగా నడిచింది. వైరు చుట్టూ నీలం టేపు చుట్టి ఉంది. మళ్ళీ ఊడదీయడానికి వీలుగా టేపు చివర మడతపెట్టి ఉంది. అలా మడవడం నా అలవాటు. దుమ్ము పడుతుందిరా అని బాబాయ్ ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. చలికాలంలో గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు ఆ వైరును నలిపింది నేనే.

బాబాయ్ ఆ మడతను వేలితో తడిమారు. వెళ్ళి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. అంతలో ఆవిడ వచ్చారు.

“దొరికిందా?”

“దొరికిందండీ. వైరు నలిగింది.”

“ఆయన పనేగా?” అన్నారు, బాబాయ్ వైపు చెయ్యి చూపిస్తూ.

వెంటనే చెప్పాల్సింది. చెప్పకుండా వైరు వైపు వంగాను. బాబాయ్ చేతులు తుడుచుకుంటూ కాసేపు నిలబడ్డారు. నా నోట్లోంచి మాట రాకపోవడం చూసి, మోపెడ్ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. ఆ చప్పుడు మలుపు దాటాక గానీ నాకు నోరు పెగల్లేదు.

“ఆయన కాదండీ. నేనే. క్లచ్ పని చేసినప్పుడు నేనే నలిపాను.”

“మరి ఆ రోజు ఆయన పేరెందుకు చెప్పావు?”

“భయమేసిందండీ.”

“పెద్దాయన్ని నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాను. అదెలా వెనక్కి తీసుకోను చెప్పు?” అన్నారు. కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి లాక్కుని స్టూలు మీద కూలబడ్డారు. వైరు అతికించి, కొత్త తొడుగు వేసి, బ్రాకెట్‌కు దూరంగా కట్టేదాకా నన్ను మళ్ళీ పలకరించలేదు.

మర్నాడు నేను బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

“ఆవిడ వచ్చి చెప్పింది. దణ్ణం కూడా పెట్టింది పాపం,” అన్నారు.

“తప్పు నాది బాబాయ్. షెడ్డు తెరువు.”

“తప్పు నీదని తెలిస్తే తేలిక పడతాననుకున్నానురా. పడలేదు. ఆవిడ తిట్టినప్పుడు నాక్కూడా నిజమే అనిపించింది చూడు. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. అది మళ్ళీ రావట్లేదు.”

ఆయన షెడ్డు తెరవలేదు. మరుసటి కాపుకు దాన్ని ఒక కాయల వ్యాపారికి అద్దెకిచ్చేశారు. ఆవిడ కారుకు ఇప్పుడు రిపేరొస్తే విజయవాడ తీసుకెళతారు. దారిలో ఎదురైతే తల ఊపుతారు, ఆగరు. బాబాయ్ మాత్రం నాతో మాట్లాడతారు. వానల గురించి, ఈసారి రసాల మామిళ్ళు సరిగ్గా కాయలేదని, మోకాళ్ళ నొప్పుల గురించి. బండ్ల సంగతి ఎత్తరు. ఎప్పుడైనా నాకు అంతుపట్టని రిపేరు వస్తే ఆయన్ని అడగాలనిపిస్తుంది. వరండా మెట్ల దాకా వెళ్ళి, మంచీ చెడ్డా మాట్లాడి, అడగకుండానే తిరిగి వచ్చేస్తాను.