రెండు ఆకుపచ్చ గేట్లు

తొంభైల్లో మేము చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. మా పాప వైదేహి మూడో తరగతి. బడి సంగతులన్నీ మా ఆవిడే చూసుకునేది. ఓ డిసెంబరులో ఆమెకు జ్వరమొచ్చి, పేరెంట్స్ మీటింగుకు నన్ను పంపింది. "గల్లీల ఆకుపచ్చ గేటుంటది, గదే బడి" అని చెప్పింది.

నేను వెళ్లేసరికే మీటింగు మొదలైంది. పెద్ద మేడమ్ అర్ధ సంవత్సరం పరీక్షలు, సంక్రాంతి సెలవులు, వచ్చే ఏడు కట్టబోయే గదుల గురించి చెప్పి, "ఎవరన్న ఏమన్న అడుగుతరా?" అన్నారు.

పొద్దున పాప వణుకుతూ చెప్పిన మాట గుర్తొచ్చి లేచాను.

"మేడమ్, గింత చలిల పిల్లలను షాబాదు బండల మీద కూసోబెడుతున్నరు. పొద్దున జర ఎండల కూసోబెడితే ఏమైతది?"

తల్లులందరూ తలలూపారు. మేడమ్ కూడా, "నిజమే, రేపటి నుంచి మొదటి పీరియడ్ ఎండలనే పెడతం. మీ పాప పేరేంది?" అని అడిగారు.

చెప్పాను. టీచర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పేరు గల పిల్ల అక్కడ లేనే లేదు. మా పాప బడి పక్క గల్లీలో ఉందట. దానిదీ ఆకుపచ్చ గేటే!

హాలంతా నవ్వులు. సిగ్గుతో చెప్పులు వెతుక్కుంటుంటే ఒక తల్లి వెనకే వచ్చి, "ఎవలైతేంది అన్నా, మా పిల్లల కోసం మంచిగ అడిగినవ్" అంది.

మర్నాడు పాపను దింపడానికి వెళ్తుంటే ఆ బడి పిల్లలు ఎండలో కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. రాత్రి ఇంట్లో నా సంగతంతా విన్న పాప నా వేలు పట్టి లాగింది.

"నాయినా, మా బళ్లె గూడ అడుగవా?"

ఈసారి గేటు మీది బోర్డు చదివి మరీ లోపలికి వెళ్లాను.