చిన్నాయన తల్లికి పోసిన నీరా

మనుషులు మత్తు కోసం ఎందుకింత వెంపర్లాడతారని మొన్న మా కోడలు అడిగితే, లైబ్రరీల్లో చదివిందంతా గర్వంగా ఏకరువు పెట్టాను గానీ, కళ్ళారా చూసింది మాత్రం చెప్పలేకపోయాను. ఆనాడు సూరత్‌లో పనికొచ్చి ఒకే గదిలో ఉన్న ఆరుగురిలో ఇప్పుడు ఇక్కడ ఇద్దరమే మిగిలాం కనుక ఇది రాసిపెట్టాలనిపించింది.

కరోనాకు మేం నడిపే సాంచాలు, అంటే మరమగ్గాలు, రైళ్ళు ఆగిపోయిన రోజుల్లో, నాకు వరసకు చిన్నాయన అయ్యే ఆయనకు ఊళ్ళో తల్లి పోయిందని ఫోనొచ్చింది. దహనం ఊళ్ళో ఉన్న ఆయన తమ్ముడే చేశాడు. ఈయన ఏడవనూ లేదు, ముద్ద ముట్టనూ లేదు. మూడోనాడు పిట్టకు పెట్టేటప్పుడు అన్నంతోపాటు కల్లు పోయడం మా వైపు ఆచారం. కాకి ముడితేనే ఇంటివాళ్ళు తింటారు. మద్యం నిషేధమున్న రాష్ట్రంలో, అందులోనూ లాక్‌డౌన్‌లో, కల్లెక్కడిది?

గాలిలోని ఈస్టు తీపిని తిని కల్లు చేస్తుందని చదివినవాణ్ణి గనుక ఆ పని నేను తలకెత్తుకున్నాను. పాలతను పక్కనున్న కిమ్ ఊరి వైపు నుంచి తెచ్చిచ్చిన నీరాను, అంటే ఇంకా పులియని తీపి కల్లును, పొద్దున్నే ఎండలో పెట్టాను. మధ్యాహ్నమైనా నురగ లేదు. నీరా పట్టే కుండకు లోపల సున్నం పూస్తారని, పూస్తే అది పులియదన్న సంగతి నేను చదివిన పుస్తకంలో లేదు. "ఏంది బావా, నీ పుస్తకంల పురుగులు గిట్ల పండుకున్నయా?" అన్నాడు మా బావమరిది.

చిన్నాయన మాత్రం ఆ నీరా చెంబు అందుకున్నాడు.

"తియ్యగుంటె ఏమైతది బిడ్డా. నేను తాగొచ్చినప్పుడల్ల అవ్వ ఓర్సుకున్నది. ఈ ఒక్కపారి ఆమెను తియ్యటిది తాగనియ్."

మిద్దె మీద ఆకులో అన్నం పెట్టి, పక్కన గ్లాసులో పోసి, ఆయనతోపాటే పస్తున్న మేమూ కలిసి ఆరుగురం ఆకలితో దూరంగా నిలబడ్డాం. చాలాసేపటికి కాకి వచ్చి, అన్నం పొడిచి, గ్లాసు అంచున వాలి ముక్కు ముంచింది. మిగిలింది తలా గుక్కెడు తాగాం. అందులో మత్తు లేదని ప్రమాణం చేయగలను. అయినా మూడు రోజులు కన్నీరు పెట్టని మనిషి పొద్దుగూకేదాకా తల్లి ముచ్చట్లే చెప్పి, వెక్కివెక్కి ఏడ్చి, అన్నం కలుపుకున్నాడు. ఎక్కడో నది ఒడ్డున మత్తు కోసం గింజలు నానబెట్టినవాళ్ళూ, అడవుల్లో ఇప్పపూలు ఏరినవాళ్ళూ, ఒకరినొకరు ఎరక్కుండానే, మొదటి చుక్క పోయినవాళ్ళకు వదిలారని చదివి అబ్బురపడేవాణ్ణి. వాళ్ళంతా ఆ సాయంత్రం మా మిద్దె మీదే కూర్చున్నట్టు అనిపించింది.

క్యాను మోసుకొచ్చిన పాలతనికీ, నన్ను ఆటపట్టిస్తూనే నాతో పస్తున్న బావమరిదికీ, తక్కిన ముగ్గురికీ దండాలు. ఇప్పుడెవరు పోయినా మావాళ్ళు టికెట్టు కొనుక్కుని వెళ్ళి, కార్యం ముగించుకుని, నాలుగోనాటికి పనిలో ఉంటారు. మంచిదే. కానీ ఒకరి తల్లి కోసం గదంతా పస్తుండడం మళ్ళీ చూడలేదు.