పసుపు పూసిన ఫ్లాపీలు

పొద్దుటి నుంచి ముసురు. అయినా మా మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాటా పని ఆగలేదు. ఎవరి బస్తాలు ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో కంప్యూటర్లో ఎక్కించేది నేనే. దాన్లో పాత సిస్టం తీసి కొత్త వర్షన్ వేయడానికి గుంటూరు నుంచి మెకానిక్ వచ్చాడు. కాపీలున్నాయా అని అడిగి, వాటిని చదివించి చూడకుండానే డిస్కంతా తుడిచేశాడు. తరవాత పెడితే ఆ కాపీలున్న ఫ్లాపీల్లో ఒక్కటి కూడా పనిచేయలేదు. మొన్న దసరాకి నేను సెలవులో ఉండగా, మా ఓనరు వాటిని కవర్లలోంచి తీసి పసుపు పూసి, కుంకుమ పెట్టాడట.

ఒళ్లు మండి అడిగేశాను.

"లారీకి పెట్టలా? కాటాకి పెట్టలా? పసుపు తగిల్తే చెడిపోయే మిషనేందిరా!" అని నా మీదే ఎగిరాడు.

రొంపిచెర్ల రైతు మస్తాన్ బాబాయ్ నలభై బస్తాలకు మంచి బేరం కుదుర్చుకుని, కొనేవాళ్ల లారీతో పదింటికే వచ్చాడు.

"కాయ నాది, గోతాలు నావి. ఎక్కడున్నాయో చెప్పేదానికి ఆ నల్ల రేకులు కావాలా అబ్బాయ్?" అన్నాడు.

హమాలీలతో కలిసి నాలుగు గదులూ వెతికాను. పదకొండే దొరికాయి. కంప్యూటర్ వచ్చిందని రిజిస్టరు రాయడం మాన్పించిందీ ఆ ఓనరే. ఇలాంటివాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు కోపాన్ని ఎక్కడ దాచుకుంటారో కాస్త నాకూ చెప్పండి.

మెకానిక్ మూడింటి బస్సుకు వెళ్లాడు. కొనేవాళ్లు బేరం వద్దనుకుని అయిదింటికి ఖాళీ లారీతో వెళ్లారు. మస్తాన్ బాబాయ్ ఆరింటికి వెళ్లాడు.