ఆళ్లగడ్డ దగ్గర కొట్టేసిన చుక్క

నా చిన్నప్పుడు గోస్పాడులో మా ఇంటి గోడ మీద పొద్దుటి ఎండ పడే వేళకు ఒక చిన్న సాలెపురుగు వచ్చి కూర్చునేది. అది గూడు అల్లేది కాదు. సున్నం గోడ మీద నాలుగడుగులు నడిచి ఆగేది, మళ్లీ నడిచేది. ఈగ కనిపిస్తే పిల్లిలా పొంచి ఒక్క దూకు దూకేది. నేను దగ్గరికి వెళ్తే పారిపోకుండా ఒళ్లంతా తిప్పి నా ముఖంలోకి చూసేది. పురుగులు కూడా మనల్ని చూస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ గోడ ముందు అలా ఎంతసేపు నిలబడేదాన్నో, అమ్మ పిలిచిన పిలుపు కూడా ఎక్కడో కాలువ అవతల నుంచి వస్తున్నట్టు వినిపించేది.

అది దూకే సాలెపురుగుల వంశానికి చెందినదని చెప్పింది మా పక్కింటి అక్క. ఆమె రోజూ బస్సులో నంద్యాల వెళ్లి కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. వాళ్ల నాయన, మా నాయన ఒకే క్రైస్తవ సంఘంలో పెద్దలు. రెండిళ్ల మధ్య గోడ ఉన్నా దాని మీదుగా పచ్చడి గిన్నెలు, పిల్లలు, పాటల పుస్తకాలు అటూ ఇటూ వెళ్తూనే ఉండేవి. అక్క వాళ్ల పంచలో కాంపౌండరు దగ్గర అడిగి తెచ్చుకున్న ఖాళీ సూదిమందు సీసాలు వరుసగా ఉండేవి. ఒక్కో సీసాలో ఒక్కో సాలెపురుగు, ఒక్కో చిన్న చీటీ.

ముందు కళ్లు చూడాలనేది అక్క. ఎనిమిది కళ్లలో ముందరి రెండూ లారీ దీపాల్లా పెద్దవిగా ఉంటే ఈ వంశమే. తర్వాత ఒంటి మీది చారలు, కాళ్ల పొడవు, నడిచే తీరు చూసి రకాలు విడదీయాలి. నేను నల్ల చారల దాన్ని ఒక రకమనీ, గోధుమ రంగు దాన్ని ఇంకొక రకమనీ విడివిడిగా పెడితే, అక్క పగలబడి నవ్వి అవి రెండూ మొగుడూ పెళ్లామూ అంది. ఇంకోసారి మామిడి కొమ్మ మీద చీమను చూపించి కాళ్లు లెక్కపెట్టమంది. ఎనిమిది! చీమ వేషం వేసుకున్న సాలెపురుగు అది. ముందు కాళ్లు రెండూ పైకెత్తి చీమ మీసాల్లా ఆడిస్తూ తిరుగుతోంది. తోటలోని జీవులన్నిటికీ మొదటి మనిషి పేర్లు పెట్టాడని ఆదివారపు బడిలో విన్నాను. ఆ పని సగంలో ఆగిపోయిందనీ, మిగిలిన సగం మా పక్కింటి అక్క చేస్తోందనీ అప్పట్లో గట్టిగా నమ్మాను.

అక్క దగ్గర ఒక పటం ఉండేది. అట్టకాగితం మీద తనే గీసింది. నడుమ నంద్యాల, పడమటి వైపు కోయిలకుంట్ల, సంజామల, దక్షిణాన ఆళ్లగడ్డ, తూర్పున పొడుగ్గా పచ్చరంగు పూసిన నల్లమల. ఏ రకం ఎక్కడ దొరికిందో అక్కడ చుక్క పెట్టేది. గోడల మీద తిరిగే రకానికి నల్ల చుక్కలు. అవి మనుషులున్న చోటల్లా ఉంటాయట, మనుషులతో పాటు ఓడలెక్కి సముద్రాలు కూడా దాటాయట. కాలువ వెంట వరిమళ్లలో ఉండే వాటికి నీలం చుక్కలు. అడవి రకాలకు ఎర్ర చుక్కలు. ఆ ఎర్ర చుక్కలు కొండల దగ్గరే ఆగిపోయేవి, మైదానంలోకి ఒక్కటీ దిగేది కాదు. ఆ పటాన్ని చూస్తూ కూర్చుంటే నాకు మా ప్రాంతమంతా ఒక పెద్ద దుప్పటిలా, దాని మీద కంటికి కనపడని ఊళ్లేవో ఉన్నట్టు అనిపించేది.

ఆ పటం మీద అక్క బతుకు ఆధారపడి ఉంది. అది బాగుంటే తిరుపతిలో పైచదువుకు సిఫారసు ఉత్తరం రాసిస్తానని కాలేజీ సారు మాట ఇచ్చారు. ఉత్తరం వస్తే పంపుతానని వాళ్ల నాయన ఒప్పుకున్నాడు. రాకపోతే ఇక చదువు చాలించి ఇంటి పట్టున ఉండాల్సిందే.

ఆ ఎండాకాలం ఆళ్లగడ్డలో మా పిన్నమ్మ వాళ్లు కొత్తిల్లు కట్టుకొని ప్రార్థన పెట్టుకున్నారు. అమ్మతో నేనూ బయలుదేరాను. పిన్నమ్మ ఇంటి పక్కనే రాతిపని చేసేవాళ్ల కొట్టాలున్నాయని తెలిసి అక్క నా చేతిలో ఒక సీసా పెట్టింది.

"ఆ కొట్టాల గోడల మీద ఏముండాదో చూడు పాపా. పురుగు దొరక్కున్నా పరవాల్యా. దొరికితే మాత్రం చీటీ సరిగ్గా రాయాల, యాడ పట్టినావో, ఎప్పుడు పట్టినావో. చీటీ లేని పురుగు మూగది."

తల ఊపాను. ఆళ్లగడ్డలో దిగాక సీసా సంగతే మరిచిపోయాను. రాతి పొడిలో వంట ఆటలు ఆడుకున్నాను, రాళ్లలోంచి సగం లేచిన విగ్రహాల ముఖాలను చూస్తూ తిరిగాను, పాయసం తాగి నిద్రపోయాను. తిరుగు బస్సు దిగాకే సంచిలో ఖాళీ సీసా చేతికి తగిలింది.

మర్నాడు పొద్దున మా పెరట్లో కట్టెల బండి దింపుతున్నారు. ఆ మోపుల మధ్య ఒక కట్టె మీద కూర్చుని ఉంది అది. నెమలి మెడ రంగు, నడుమ ఎర్రటి పట్టీ. నా వైపు తిరిగి చూసింది. సీసా బోర్లించి పట్టాను. తర్వాత చీటీ తీసుకొని "ఆళ్లగడ్డ, రాతిపని కొట్టాల గోడ" అని రాశాను. ఆ అబద్ధం రాసేటప్పుడు నా దస్తూరి ఎన్నడూ లేనంత అందంగా వచ్చింది.

అక్క ఆ సీసాను ఎండకు ఎత్తి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. అది అడవి రకం. ఊరి నడుమ, రాతి గోడ మీద దొరికిందంటే తన పటమంతా మారిపోతుంది. అయినా వెంటనే సిరా ముట్టుకోలేదు. ఆళ్లగడ్డ దగ్గర పెన్సిలుతో సన్నని చుక్క పెట్టి, తను కూడా ఒకసారి చూసి రావాలంది.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చింది. ఆ వారంలో దేవుడు చేసిన మేలును లేచి నిలబడి చెప్పడం మా సంఘంలో చిన్నప్పటి నుంచీ నేర్పే అలవాటు. ప్రయాణం నుంచి క్షేమంగా వచ్చినందుకు చెప్పమని అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. లేచాను. క్షేమంగా తీసుకెళ్లి తీసుకొచ్చాడని చెప్పి కూర్చోవాల్సింది. కానీ చాపల మీద కూర్చున్న అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. ఆ చూపులు తియ్యగా ఉన్నాయి. అక్క చదువు కోసం దేవుడు ఆళ్లగడ్డలో రాతి గోడ మీద నాకు నీలం సాలెపురుగును చూపించాడని కూడా చెప్పేశాను. అందరూ ఒక్క గొంతుతో స్తోత్రం అన్నారు. ఆ మాట నా వీపు మీద చల్లటి నీళ్లలా జారింది.

ఆ మధ్యాహ్నమే అక్క పెన్సిలు చుక్క మీద ఎర్ర సిరా పెట్టింది. నేను పక్కనే ఉన్నాను.

"చూసొస్తానంటివి కదా అక్కా?" అన్నాను మెల్లగా.

"సంఘంలో నిలబడి చెప్పితివి. ఇంకేం చూడాల మే?" అంది, సిరా ఆరేలా ఊదుతూ.

పటం చూసిన కాలేజీ సారు తనే ఆ గోడ చూడాలన్నారు. శనివారం నాడు నంద్యాలలో ఆయనతో కలిసి అక్కా నేనూ ఆళ్లగడ్డ బస్సెక్కాం. గోడ చూపించాల్సింది నేనే. దారి పొడవునా కిటికీలోంచి నల్లరేగడి చేలు, వాటి వెనక పొగలాంటి కొండలు కదిలిపోతుంటే ఈ బస్సు ఎప్పటికీ ఆగకుండా ఉంటే బాగుండునని ప్రార్థించాను. అలాంటి ప్రార్థనలకు జవాబు రాదని ఆ రోజే తెలిసింది.

కొట్టాల దగ్గర ఉలుల చప్పుడు. అక్క మోకాళ్ల మీద కూర్చుని గోడలోని ప్రతి సందూ వెతకడం మొదలుపెట్టింది. తెల్లటి రాతి పొడి ఆమె చీర మీద, రెప్పల మీద పడుతోంది. ఒక ముసలి రాతిపనివాడు ఉలి ఆపి చూశాడు.

"ఏందమ్మా ఎతుకుతాండారు? చెవి కమ్మ పడిపోయిందా?"

"సాలెపురుగు తాతా."

"సాలెపురుగా! దానికింత దూరం రావాల్నా? మా ఇంటికి రాండి, సంచి నిండా పట్టిస్తా. మా ఆడమనిషి కసువు చిమ్మి ఎన్నాళ్లయిందో!"

"చిమ్ముతా చిమ్ముతా, ముందు నీ నోట్లో దుమ్ము చిమ్ముతా!" అని కొట్టం లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. సారు కూడా నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. గోడల మీద మా ఇంటి గోడ మీదివే, నల్ల చారలవి, నాలుగైదు కనిపించాయి. నీలం రంగుది లేదు. ఇంకొక గోడ, ఇంకొక గోడ అంటూ అక్క కదులుతూనే ఉంది. చివరికి సారు గొడుగు పట్టుకొని ఆమె దగ్గరికి వచ్చి, చీటీ ఎక్కడన్నా తారుమారైందేమోనమ్మా అన్నారు.

అక్క లేచి నిలబడింది. "లేదు సార్. ఈ పిల్ల మా సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆడ నిలబడి ఎవరూ అబద్ధం చెప్పరు."

ఆమె తన చదువును, తన మాటను, అంతా తెచ్చి నా మాట మీద పెట్టింది. నాకు ఏడుపు పొంగుకొచ్చింది. రాతి పొడిలో కూలబడిపోయాను. అక్క నా ముందు వంగింది.

"యాడ పట్టినావ్?"

"మా కట్టెల మోపులో."

"యాడి కట్టెలు మే?"

"అడవి కట్టెలు. గాజులపల్లె పక్క నుంచి బండి మీద వచ్చినాయి. ఈడ నేనేం చూడలా అక్కా."

ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ముఖం మాత్రం ఒక్కసారిగా పెద్దవాళ్ల ముఖంలా అయిపోయింది. సంచిలోంచి పటం తీసి, ఇంకా చెక్కని ఒక బండ మీద పరిచింది. ఆ ఎర్ర చుక్క మీద అడ్డంగా ఒక్క గీత గీసింది. పక్కన "తప్పు. ఇక్కడ చూడలేదు" అని రాసింది. చుక్క గీత కింద కనిపిస్తూనే ఉంది. బ్లేడుతో గీకితే పోతుంది కదా అక్కా అన్నాను వెక్కుతూ.

"పోతే ఎట్ల? నేను తప్పు చేసినట్టు చూసేటోళ్లకు తెలియొద్దా?" అంది. తర్వాత సారు వైపు తిరిగి, "ఈ పిల్లది కాదు సార్, తప్పు నాది. చూడని దానికి సిరా పెట్టినాను" అంది.

సారు గొడుగు ముడిచి బస్సు వైపు నడిచారు. నంద్యాలలో దిగాక పటం తన దగ్గర ఉంచమని అడిగి తీసుకొని వెళ్లిపోయారు. ఆయన ముఖం చూసి మాకేమీ అర్థం కాలేదు. గోస్పాడు బస్సులో అక్క తన చీర మీది రాతి పొడి దులుపుకుంది. ఊరు దగ్గర పడ్డాక మెల్లగా, "పటం మీది నేను కొట్టేసినా. సంఘంలో నువ్వు చెప్పింది ఇంకా అట్లనే ఉండాది" అంది.

మర్నాడు ఆదివారం. సాక్ష్యాల వేళకు నేను లేవలేదు. మా నాయన పెద్దల వరుసలో కూర్చుని ఉన్నాడు. అప్పుడు అక్క తన చాప మీది నుంచి లేచి వచ్చి నా పక్కన నిలబడింది. నా తరఫున మాత్రం ఒక్క మాట కూడా చెప్పలేదు. నేను లేచి, పోయిన వారం చెప్పినది అబద్ధమనీ, ఆళ్లగడ్డలో నేనేమీ చూడలేదనీ చెప్పాను. కిటికీ మీది పావురాయి రెక్కలు సర్దుకోవడం వినిపించింది. వెనక వరుసలోంచి ఒక ముసలమ్మ ఒక్కతే, బొంగురు గొంతుతో స్తోత్రం అంది. తర్వాత మిగతావాళ్లు అందుకున్నారు. మా నాయన ఇంటికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

కొన్ని వారాలకు సారు ఉత్తరం వచ్చింది. ఎర్ర చుక్క సంగతి అందులో ఉంది. తనకు దొరికిన అన్నిటికంటే గొప్ప విషయాన్ని తన చేత్తోనే కొట్టేసుకోగల అమ్మాయి ఈమె, ఈమె రాసిన మిగతా చుక్కలన్నీ నమ్మవచ్చు అని రాశారు. అక్క వాళ్ల నాయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "ఏందబ్బా, గీత కొట్టేదానికి కూడా మెచ్చుకుంటారా?" అని ఆశ్చర్యపోయాడు. వానలు పడే ముందు అక్క తిరుపతి వెళ్లింది. ఆ తర్వాత ఎన్నో అడవులు తిరిగింది, ఎందరికో చదువు చెప్పింది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఆదివారపు బడి పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. పరలోకం ఎలా ఉంటుందమ్మమ్మా అని వాళ్లు అడుగుతారు. నేను చూడలేదు, నమ్ముతున్నాను అంటాను. ఆ రెండు మాటలనూ కలిపేస్తే వినడానికి ఇంకా బాగుంటుందని నాకు తెలుసు. అయినా కలపను. చూశానన్నది చూసినదే అయినప్పుడే, నమ్ముతున్నానన్న మాటను పిల్లలు నమ్ముతారు.

సాక్ష్యాల వేళ ఇప్పటికీ లేస్తాను. కొన్ని వారాలు చెప్పడానికి నా దగ్గర ఉండేది చాలా కొంచెం. మందులు పనిచేశాయనో, వాన పడిందనో, రాత్రి నిద్ర పట్టిందనో. ఆ కొంచెమే చెప్పి కూర్చుంటాను.