అయస్కాంతానికి అతుక్కున్న పెళ్లి గొలుసు

బంగారు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేసిన ఏడాది, శ్రావణ మాసంలో నన్ను చిత్తూరు నుంచి తిరుపతి పరీక్షా కేంద్రానికి క్వాలిటీ మేనేజరుగా వేశారు. నగలో బంగారం ఎంతుందో తేల్చి పత్రం మీద సంతకం పెట్టడం నా పని. హోదా పెద్దదే గానీ, నా కింద ఉన్నది ఇద్దరు టెక్నీషియన్లు, నా పైన ఉన్నది ఒక ఫ్యాను.

చేరిన రెండో వారం, ఉదయం తొమ్మిదిన్నరకు, వ్యానెడు పెళ్లి జనం మా మెట్లెక్కారు. పదకొండుకు తిరుచానూరులో ముహూర్తమట. ముందు నడిచినవాడు పెళ్లికూతురి మేనమామ గోవిందు. వడమాలపేటలో మోటార్లకు వైండింగు చేస్తాడు. అతని చేతిలో పాత స్పీకరు నుంచి ఊడబీకిన అయస్కాంతం, దానికి వేలాడుతూ మగపెళ్లివారు పెట్టిన గొలుసు. వెనక ఆ గొలుసు చేసిన చంద్రగిరి మునిరత్నం ఆచారి, ముఖం కందగడ్డలా చేసుకుని. అందరికన్నా చివర పెళ్లికూతురు సుజాత, నుదుట బాసికంతో సహా.

"బంగారంలో ఇనుము కలిపినాడు మేడమ్. ఎట్ల అతుక్కోనుండాదో ఈడ సూడండి. ఇది తేలేదాకా తాళి కట్టనీను" అన్నాడు గోవిందు. ఇనుము కలిపుంటే ఈ పొద్దే ఊదుగొట్టం స్వర్ణముఖిలో పారేస్తానని ఆచారి ఒట్టు పెట్టుకున్నాడు. "తాళి కట్టేది పసుపుతాడుతో గదా మామా, గొలుసుతో కాదు గదా" అంది సుజాత. ఆ గోలలో ఆ పిల్ల మాట వింటున్నది నేనొక్కదాన్నే. నవ్వు ఆపుకోలేక రిజిస్టరు అడ్డం పెట్టుకున్నాను.

ఎంత తొందరైనా పద్ధతి పద్ధతే. టోకెను రాశాను, తూకం వేశాను. నిప్పు పరీక్షకు నగలోంచి చిన్న ముక్క కోసి కొలిమిలో పెట్టాలి, సగం రోజు పడుతుంది. అందుకని ఎక్స్‌రే యంత్రమే మేలనుకున్నాను. అది నగను కోయకుండా రెండు మూడు నిమిషాల్లో తేలుస్తుంది. దానికి ముందు గోవిందు అయస్కాంతమే అడిగి తీసుకుని, గొలుసు పొడవునా మెల్లగా జరిపాను. లింకు తర్వాత లింకు, ఉలుకూ పలుకూ లేదు. కొక్కెం దగ్గరికి రాగానే టక్కున అతుక్కుంది.

కొక్కెం విప్పితే లోపల వెంట్రుకంత ఉక్కు స్ప్రింగు! బంగారం మెత్తన, నొక్కితే మళ్లీ లేచే గుణం దానికి లేదు. అందుకే నొక్కుడు కొక్కేల్లో ఉక్కు పెడతారు. మగపెళ్లివారు కొత్తరకం కావాలంటే తానే అంగట్లో కొని అతికించానని ఆచారికి అప్పుడు గుర్తొచ్చింది. తల బాదుకున్నాడు.

ఇక నాకు హుషారొచ్చి పాఠం మొదలుపెట్టాను. ఇనుములో ప్రతి పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. బయటి అయస్కాంతం దగ్గరికొస్తే అవన్నీ ఒకే వైపు తిరిగి బలం కలుపుతాయి. బంగారంలో ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా ఎదురెదురు తిరిగి ఒకదాని బలం ఒకటి చెరిపేసుకుంటాయి. జంట లేనిది ఏదైనా మిగిలితే, అది లోహమంతా కలిసి పంచుకునే గుంపులో కలిసిపోతుంది. నిజానికి బంగారం అయస్కాంతాన్ని రవ్వంత నెడుతుంది కూడా, కానీ అది చేతికి తెలియదు. రాగీ, ఇత్తడీ కూడా అతుక్కోవు.

ఆ చివరి మాట గోవిందు విననే లేదు. "అట్లయితే నా ఉంగరం పెట్టండి. అయస్కాంతానికి కదల్దు, అసలైన బంగారం!" అని ఊడదీసి ఇచ్చాడు. నేనూ ఊపులో ఉన్నాను, గొలుసుతో పాటు దాన్నీ యంత్రంలో పెట్టేశాను. గొలుసు నిఖార్సైన ఇరవై రెండు కేరెట్లు. ఉంగరం రాగి, జింకు, పైన పూత.

గోవిందు యంత్రం తెర వైపు చూసి, వేలు చూసుకుని, "అంటే పదైదేండ్లుగా ఇత్తడి ఏసుకోని తిరగతా ఉండానా నేను?" అన్నాడు. ముందు నవ్వింది సుజాత. ఆ తర్వాత నవ్వనివాళ్లు లేరు. ఆచారి అతని భుజం పట్టుకుని, "పదప్పా, ముహూర్తం దాటిపోతాది" అని వ్యాను దాకా నడిపించాడు. పెళ్లి వేళకే జరిగింది. ఆ రోజంతా నాకు నేలమీద కాళ్లు నిలవలేదు.

ఆ ఉదయం నేర్చుకున్నవి రెండు. అయస్కాంతం ఇనుము ఉందని చెప్పగలదు, బంగారం ఉందని చెప్పలేదు. రెండోది యంత్రం నేర్పింది కాదు. గోవిందు నవ్వాడు గానీ, వ్యాను ఎక్కేటప్పుడు ఆ చెయ్యి జేబులోంచి బయటికి తీయలేదు. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, నగ ఎవరిదో వాళ్లను తప్ప అందరినీ బయటికి పంపాకే తెర వాళ్ల వైపు తిప్పాను.